మూడు నెలల కార్న్ స్నేక్, మూత తీస్తే చాలు కాటుకి వస్తోంది. ఏం చేయాలి?

ఫ్రిస్కో_రమణ (టెక్సస్)

అందరికీ నమస్కారం. మా పెద్దాడు ఏడో తరగతి. ఏడాదిగా ప్రాణం తోడేస్తుంటే పోయిన నెల రెప్టైల్ ఎక్స్‌పోలో కార్న్ స్నేక్ అనే విషం లేని పాము పిల్లని ఒకదాన్ని కొనిచ్చాను. బ్రీడర్ దగ్గర గుడ్డులోంచి వచ్చిందే, అడవిలో పట్టింది కాదు. వయసు మూడు నెలలు. పెన్సిల్ లావు, అడుగు పైన ఇంకొంచెం పొడవు. ఎర్రగా ఉందని మావాడు "మిరపకాయ్" అని పేరు పెట్టాడు. గుణం తర్వాత తెలిసింది.

మూత తీస్తే చాలు, మెడ వెనక్కి లాగి ఎస్ ఆకారంలో బిగుసుకుంటుంది, తోక టకటకా కొడుతుంది, చెయ్యి లోపలికి వెళ్తే ఎగిరి కాటేస్తుంది. బలవంతాన తీస్తే మెలికలు తిరిగిపోయి కంపు కొట్టే నీళ్ళేవో వదులుతుంది. తిండికి మాత్రం ఢోకా లేదు, వారానికో పింకీ (బొచ్చు రాని ఎలుక పిల్ల) లాగించేస్తోంది. మావాడు ఇప్పుడు ట్యాంక్ దగ్గరికే పోవట్లేదు. మా ఆవిడ పైకి ఏమీ అనట్లేదు గానీ చూపులు వేరేగా ఉన్నాయి.

సెటప్: 40 గ్యాలన్ల గాజు ట్యాంక్, హాల్లో టీవీ పక్కన. ఒక హైడ్ (దాక్కునే గూడు), నీళ్ళ గిన్నె, కింద హీట్ మ్యాట్. యూట్యూబ్‌లో ఒకాయన రోజూ చేతిలోకి తీసుకోమంటాడు, ఇంకొకాయన నెల రోజులు ముట్టుకోవద్దంటాడు. ఎవరి మాట వినాలి?

తెనాలి_కుర్రోడు

అన్నా, ఆ ఊళ్ళో కుక్కపిల్లలు అయిపోయాయా?

సరే, జోకులు పక్కన పెడితే, పాము పగబడుతుందంటారు కదా. మొదట్లో బలవంతాన తీశారని గుర్తు పెట్టుకుందేమో.

సర్పప్రియ (ఓహాయో)

పగా లేదు, పట్టుదలా లేదు తమ్ముడూ. ఎవరు ఎప్పుడు ఏం చేశారో లెక్క రాసుకుని తీర్చుకునే బుర్ర దానికి లేదు. దానికి తెలిసిందల్లా ఒకటే: పైనుంచి పెద్దదేదో దిగుతోందంటే తనని తినడానికే. గద్ద అయినా, గుడ్లగూబ అయినా, రమణ గారి చెయ్యి అయినా అంత చిన్న పాముకి ఒకటే. పారిపోవడానికి చోటు కనపడకపోతే చేయగలిగింది బెదిరించడం. అదే చేస్తోంది.

రమణ గారూ, మీ పాము గుణం కంటే ముందు మీ ట్యాంక్ గురించి మాట్లాడాలి. 40 గ్యాలన్లలో అడుగు పాము, ఒక్కటే హైడ్, నాలుగు వైపులా గాజు, పక్కన టీవీ. అది రోజంతా బట్టబయట ఉన్నట్టే. పిల్ల పాముకి పెద్ద ట్యాంక్ ఇవ్వడం తప్పేమీ కాదు, ఖాళీ ట్యాంక్ ఇవ్వడంతోనే చిక్కు. ముందు ఇవి చూడండి.

హైడ్‌లు రెండు కావాలి, వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి. ఒక్కటే ఉంటే ఒళ్ళు వెచ్చబెట్టుకోవాలా, దాక్కోవాలా అని పాము తేల్చుకోవాల్సి వస్తుంది. హైడ్ ఇరుగ్గా ఉండాలి. లోపల చుట్టుకుంటే ఒళ్ళు గోడలకి తగలాలి, అప్పుడే దానికి ధైర్యం. మధ్యలో ఖాళీ లేకుండా ప్లాస్టిక్ ఆకులు, టాయిలెట్ పేపర్ అట్ట గొట్టాలు, చెట్టు బెరడు, ఏది దొరికితే అది నింపండి. మూడు పక్కల గాజుకి బయట నుంచి కాగితం అంటించండి. ట్యాంక్‌ని టీవీ, స్పీకర్ల దగ్గర్నుంచి తీసేయండి. పాముకి బయటికి కనపడే చెవి లేదు గానీ అదురు బాగా తెలుస్తుంది, లోతైన శబ్దాలు గాలిలోంచి కూడా అందుతాయి.

హీట్ మ్యాట్‌కి థర్మోస్టాట్ ఉందా? రాయలేదు మీరు.

ఫ్రిస్కో_రమణ

థర్మోస్టాట్ లేదండీ. మ్యాట్ డబ్బా మీద అవసరమని రాయలేదు. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటోంది.

సర్పప్రియ

చేత్తో చూసింది లెక్కలోకి రాదు. థర్మోస్టాట్ లేని మ్యాట్ మీద గాజు 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిపోగలదు, పాముకి పొట్ట కాలుతుంది. కార్న్ స్నేక్‌కి వెచ్చని వైపు నేల 85 నుంచి 88, చల్లని వైపు 75 దగ్గర చాలు. థర్మోస్టాట్ సెన్సర్‌ని పాము పడుకునే చోటే పెట్టండి, టెంపరేచర్ గన్‌తో ఒకసారి సరిచూడండి. ఒళ్ళు బాగోలేని పాముని మచ్చిక చేయలేం. మరీ చల్లగా ఉంటే తిన్నది అరగదు, మరీ వేడిగా ఉంటే స్థిమితంగా ఒక చోట ఉండదు.

ఎడిసన్_శ్రీధర్ (న్యూజెర్సీ)

సెటప్ విషయంలో పైన అక్క చెప్పిందానికి ఓకే. కానీ ఈ "ముట్టుకోకుండా వదిలేయండి" బ్యాచ్‌తో నాకు పడదు. నా దగ్గర బాల్ పైథాన్లు, కింగ్ స్నేక్‌లు ఉన్నాయి. వదిలేసిన పాము తనంతట తాను మెత్తబడదు బాసూ. మనిషి వాసన, మనిషి చెయ్యి అలవాటయ్యేది చేతిలో ఉంటేనే. కొత్తగా తెచ్చినప్పుడు ఒక వారం, పది రోజులు వదిలెయ్, రెండు మూడు సార్లు బాగా తిననివ్వు, ఆ తర్వాత మొదలుపెట్టు.

కాటంటారా, మూడు నెలల కార్న్ స్నేక్ కాటు కూడా కాటేనా? గుండుసూది గుచ్చినట్టు రెండు చుక్కలు. ఒక్కోసారి తగిలిందో లేదో కూడా తెలీదు. సబ్బుతో కడుక్కుంటే అయిపోయింది.

సర్పప్రియ

శ్రీధర్ గారూ, అసలు ముట్టుకోవద్దని నేనెక్కడా అనలేదు. ముందు ఇల్లు సర్దండి, తర్వాత చెయ్యి పెట్టండి అన్నాను. మీది రోజూ తీయమనే మాట అయితే దానికి మాత్రం ఒప్పుకోను. తిన్నాక కనీసం 48 గంటలు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే కక్కేసే ప్రమాదం ఉంది, పిల్ల పాము కక్కిందంటే మళ్ళీ తేరుకోవడానికి పది రోజుల పైన ఖాళీ కడుపుతో ఉంచాలి. కళ్ళు పాలలా నీలంగా మారాయంటే కుబుసానికి వస్తోందని. అప్పుడు చూపు సరిగ్గా ఆనదు, శాంతమైన పాము కూడా కొడుతుంది. కళ్ళు మళ్ళీ తేటగా అయ్యి, కుబుసం విడిచేదాకా ఆగాలి. ఇవన్నీ తీసేస్తే వారానికి రెండు మూడు సార్లే మిగుల్తాయి. అవి చాలు.

ఎడిసన్_శ్రీధర్

వారానికి మూడు సార్లయితే నాకూ ఓకే. రోజూ అన్నది యూట్యూబ్ ఆయన, నేను కాదు 🙂

వనజ_మెల్‌బోర్న్

ఇక్కడ ఆస్ట్రేలియాలో పాముని పెంచాలంటే రాష్ట్ర ప్రభుత్వ లైసెన్స్ ఉండాలి, కార్న్ స్నేక్ లాంటి బయటి దేశపు పాములు అసలు కుదరదు. మా ఇంట్లో ఉన్నది కార్పెట్ పైథాన్. పిల్లప్పుడు కోపిష్ఠివని పేరున్న జాతి. కాబట్టి కాట్ల విషయంలో నాకు కొంచెం సీనియారిటీ ఉంది.

రమణ గారూ, మీవాణ్ణి ముందు ఒకటి గమనించమనండి. కాట్లు రెండు రకాలు, వాటికి మందు వేర్వేరు.

భయపడి కొట్టే పాము ముందు హడావిడి చేస్తుంది. బుస కొడుతుంది, తోక ఆడిస్తుంది, తల ఎత్తి మెడ వెనక్కి లాగుతుంది, వీలైతే వెనక్కి జరుగుతుంది. కొట్టి వెంటనే వదిలేస్తుంది. చాలాసార్లు నోరు తెరవకుండానే ముక్కుతో పొడుస్తుంది, బెదిరింపంతే. మీరు రాసిన తోక టకటకా అదే. తోక కింద ఎండిన చెక్క పొట్టో, కాగితమో ఉంటే గిలక పాము (రాటిల్ స్నేక్) చప్పుడులా వినిపిస్తుంది. కార్న్ స్నేక్‌లకి గిలక లేదు, పక్కనున్నదాన్ని కొట్టి చప్పుడు చేస్తాయి.

తిండి అనుకుని కొట్టే పాము చప్పుడే చేయదు. బిలం లోంచి తల బయటపెట్టి, నాలుక చకచకా ఆడిస్తూ, మీ వేలు ఎటు కదిలితే అటు తల తిప్పుతూ, మీ వైపే నెమ్మదిగా జరుగుతుంది. చూడ్డానికి "అబ్బ, మంచిగా దగ్గరికొస్తోంది" అనిపిస్తుంది. తర్వాత కొట్టి పట్టుకుంటుంది, వదలదు, వేలి చుట్టూ చుట్టుకుంటుంది. దీనికి మచ్చిక చేయడంతో పనిలేదు. చేతులకి ఎలుక వాసన లేకుండా కడుక్కోవాలి, వేళ్ళతో కాకుండా పొడవాటి పటకారుతో తినిపించాలి, చెయ్యి పెట్టేముందు "ఇది తిండి కాదు" అని తెలియజేయాలి. నేను పేపర్ టవల్ ఖాళీ గొట్టంతో ఒంటి మధ్యలో మెల్లగా ఒకసారి తాకుతాను. కొన్నాళ్ళకి దానికి అర్థమైపోయింది: గొట్టం తగిలితే ఈ రోజు భోజనం లేదు.

మీది చూస్తే పూర్తిగా మొదటి రకమే.

ఎడిసన్_శ్రీధర్

వనజ గారు చెప్పింది కరెక్ట్. నా కింగ్ స్నేక్ అచ్చం రెండో రకం, దానికి ప్రపంచంలో ప్రతిదీ తిండే. బాల్ పైథాన్ వాళ్ళకి ఇంకో మాట: వాటికి పెదవుల దగ్గర వేడిని పసిగట్టే గుంటలు ఉంటాయి, వెచ్చటి చెయ్యి తల ముందు ఆడితే ఎలుకలాగే అనిపిస్తుంది. కార్న్ స్నేక్‌కి ఆ గుంటలు లేవు.

తినిపించడానికి వేరే డబ్బాలోకి మార్చమని కొందరు ఇప్పటికీ చెప్తుంటారు, లేకపోతే చెయ్యంటే తిండే అనుకుంటుందని. అది పాత మాట. ఆకలి మీదున్న పాముని ఎత్తడం, తిన్న పాముని మళ్ళీ ఎత్తి వెనక్కి పెట్టడం, రెండూ కొరివితో తల గోక్కోవడమే. ట్యాంక్‌లోనే పెట్టండి.

తెనాలి_కుర్రోడు

మరి పాములోళ్ళు నాగస్వరం ఊదితే నాగుపాము శాంతంగా ఊగేది? అదేదో రమణన్న కూడా ట్రై చేస్తే సరి.

సర్పప్రియ

అది శాంతం కాదు. కదులుతున్న బూరని ప్రమాదం అనుకుని పడగ ఎత్తి కాపు కాస్తుంది. ఆ పాముల్లో చాలావాటికి కోరలు పీకేసి ఉంటాయి, కొన్నిటికి నోరే కుట్టేస్తారు. దాన్ని మచ్చిక అనకు బాబూ.

ఫ్రిస్కో_రమణ

చాలా థ్యాంక్స్ అందరికీ. థర్మోస్టాట్ ఆర్డర్ పెట్టాను, ట్యాంక్‌ని మావాడి గదిలోకి మార్చాం, అట్ట గొట్టాలూ ప్లాస్టిక్ తీగలూ వేశాం. ఇప్పుడది కనపడటమే మానేసింది. నేను డబ్బు పెట్టి మొక్కల ట్యాంక్ కొన్నట్టుంది.

ఇక అసలు ప్రశ్న. చెయ్యి పెట్టి తీయడం ఎలా? అది కొట్టబోతే నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేస్తోంది. ఆపుకోలేకపోతున్నాను.

వనజ_మెల్‌బోర్న్

కనపడకపోతే సంతోషించండి, అది ఇల్లనుకుంటోందన్నమాట. దాక్కునే చోటు ఉందన్న ధైర్యం వచ్చాకే బయట తిరగడం మొదలుపెడుతుంది.

చెయ్యి వెనక్కి లాగడం దగ్గరే మొత్తం కథంతా ఉంది. కొట్టగానే చెయ్యి మాయమైతే, కొడితే పని జరుగుతుందని దానికి తెలుస్తుంది. రేపు ఇంకా తొందరగా కొడుతుంది. అలాగని మొండిగా కాటు తింటూ కూర్చోమని కాదు. నేను చేసేది చెప్తాను.

పై నుంచి దిగొద్దు. పక్క నుంచి, నేల మీదుగా, తల వైపు కాకుండా ఒంటి మధ్య భాగం వైపు వెళ్ళండి. హైడ్ ఎత్తితే ఉలిక్కిపడుతుంది, ఒక్క క్షణం ఆగి నాలుక ఆడించేదాకా చూడండి. నాలుక ఆడుతోందంటే పరిసరాలు చూసుకుంటోందని, బిగుసుకుపోయి నాలుక ఆడట్లేదంటే ఇంకా భయంలో ఉందని. అప్పుడు చెయ్యిని అక్కడే కదపకుండా ఉంచండి. వెళ్ళాలని నిర్ణయించుకున్నాక తటపటాయించొద్దు, సగం దూరం వెళ్ళి ఆగి, మళ్ళీ వెళ్ళి, మళ్ళీ ఆగితే దానికీ మీకూ టెన్షనే. వేళ్ళతో చిటికె పట్టు పట్టకుండా అరచేతిని కింద నుంచి జారనిచ్చి ఎత్తండి.

మీకు భయమైతే పల్చటి గుడ్డ ముక్కో పేపర్ టవలో దాని మీద కప్పి, గుడ్డతో సహా ఎత్తండి. కళ్ళకి ఏమీ కనపడకపోతే చాలావరకు కొట్టదు. పల్చటి గ్లోవ్స్ కూడా సరే. దళసరి తోలు గ్లోవ్స్ మాత్రం వద్దు, ఎంత గట్టిగా నొక్కుతున్నారో మీకే తెలీదు.

చేతిలోకి వచ్చాక గట్టిగా పట్టుకోకండి. ఒక చేతి మీంచి ఇంకో చేతి మీదికి పాకనివ్వండి, మీ చేతులే దానికి దారి అనుకోండి. మొదట్లో ఐదు నిమిషాలు చాలు. వెనక్కి పెట్టడం మాత్రం అది కాస్త నెమ్మదించాకే. మెలికలు తిరుగుతున్నప్పుడు వదిలేస్తే మళ్ళీ అదే పాఠం.

సర్పప్రియ

ఇంతకంటే బాగా నేను చెప్పలేను. ఒక్కటి కలుపుతాను: పట్టుకుని వదలని కాటు ఎప్పుడైనా పడితే లాగొద్దు. పళ్ళు లోపలికి వంగి ఉంటాయి, లాగితే మీ చర్మం చీరుతుంది, దాని పళ్ళు ఊడతాయి. నోటి దగ్గర చల్లటి నీళ్ళు పోస్తే వదిలేస్తుంది.

ఇంట్లో ఐదేళ్ళ లోపు పిల్లలున్నారా? ఉంటే వాళ్ళని పామునీ ట్యాంక్‌నీ ముట్టుకోనివ్వకండి. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వల్ల అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు గట్టిగా చెప్పే మాట ఇది. పెద్దాడు కూడా ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి, నీళ్ళ గిన్నె వంటింటి సింకులో కడగొద్దు.

అట్లాంటా_లత

కుళ్ళుకుంటున్నాను. మా జార్జియాలో కార్న్ స్నేక్ స్థానిక జాతి కాబట్టి పెంచడానికే లేదు, బ్రీడర్ దగ్గర కొన్నదైనా సరే. ఆఫ్రికా బాల్ పైథాన్ పెంచొచ్చట, పెరట్లో తిరిగేదాన్ని పెంచకూడదట!

కొంపల్లి_కిరణ్ (హైదరాబాద్)

ఈ థ్రెడ్ చూసి అడుగుతున్న. మా ఇంటి వెనకాల గోడ సందుల ఒక చిన్న పాము దొరికింది, నల్లగా తెల్ల పట్టీలున్నయి. అస్సలు కోపం లేదు, మస్తు శాంతంగ ఉంది. డబ్బాల వెట్టిన. పెంచుకోవచ్చా?

సర్పప్రియ

కిరణ్, ఆ డబ్బా మూత గట్టిగా ఉందో లేదో చూసి, దాని దగ్గర్నుంచి దూరంగా జరుగు. నల్లటి ఒంటి మీద తెల్ల పట్టీలంటే విషం లేని వుల్ఫ్ స్నేక్ కావచ్చు, కట్లపాము పిల్లా కావచ్చు. తెలిసినవాళ్ళు కూడా రెండిటినీ చూసి పొరబడతారు. కట్లపాము పగలు నిజంగానే శాంతంగా ఉంటుంది, అదే దానితో ప్రమాదం. కాటు వేసినా చాలాసార్లు నొప్పి కూడా తెలీదు, తర్వాత ఊపిరి ఆడదు. శాంతంగా ఉందంటే విషం లేదని అనుకోవద్దు.

ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళు హైదరాబాద్‌లో పాములు పట్టి అడవిలో వదులుతారు, వాళ్ళకో అటవీ శాఖకో ఇప్పుడే ఫోన్ చెయ్యి. ఎవరికైనా కాటు పడితే క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలి, మంత్రాలూ నాటు మందులూ వద్దు.

పెంచుకోవడం మాట మర్చిపో. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు పాముని ఇంట్లో పెట్టుకోవడం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులు సైటీస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారం మీద ఒప్పందం) జాబితాలో ఉంటే, 2022 సవరణ తర్వాత వాటిని కూడా కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి.

కొంపల్లి_కిరణ్

ఫోన్ చేసిన, వస్తున్నరంట. డబ్బా మీద ఇటుక వెట్టిన.

మోడరేటర్

కిరణ్ గారు, దయచేసి ఆ సంగతి కొత్త థ్రెడ్‌లో రాయండి. ఇక్కడ రమణ గారి మిరపకాయ్ మీదే ఉందాం.

ఫ్రిస్కో_రమణ

అప్‌డేట్. థర్మోస్టాట్ పెట్టి చూస్తే మ్యాట్ నిజంగానే అడ్డగోలుగా వేడెక్కుతోందని తేలింది. ఇప్పుడు 86 దగ్గర నిలబడుతోంది. రెండు మూడు వారాలు కేవలం నీళ్ళు మార్చడం, తిండి పెట్టడం తప్ప ఏమీ చేయలేదు. మూత తీస్తే ఇప్పుడు తోక ఆడించట్లేదు, హైడ్ లోకి జారుకుంటోంది.

వనజ గారు చెప్పినట్టు గుడ్డ కప్పి తీశాను. మెలికలు తిరిగింది, కంపు కూడా వదిలింది, కానీ కొట్టలేదు. రెండోసారి కొట్టింది, చెయ్యి కదపలేదు. దానికే ఏం చేయాలో తోచక కాసేపు నా బొటనవేలి వైపు చూసి, వేళ్ళ మధ్యలోంచి దూరి చొక్కా చేతిలోకి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి బయటికి తీయడానికే ఎక్కువసేపు పట్టింది.

మావాడు ఇంకా చేతిలోకి తీసుకోలేదు. పక్కన కూర్చుని నాలుక ఎన్నిసార్లు ఆడించిందో లెక్కపెడుతున్నాడు.

వనజ_మెల్‌బోర్న్

సూపర్! పారిపోవడం నేర్చుకుందంటే కొట్టాల్సిన అవసరం తగ్గిందన్నమాట. చొక్కా చేతులు మడిచి కూర్చోండి ఇకనుంచి.

ఎడిసన్_శ్రీధర్

మధ్యలో ఒకరోజు మళ్ళీ కొడుతుంది, అప్పుడు మొదటికొచ్చిందనుకోవద్దు. ఆకలో, కుబుసమో, పక్కింట్లో డ్రిల్లింగో ఏదో ఒకటి ఉంటుంది. ఏ కారణం లేకుండా శాంతమైన పాము ఉన్నట్టుండి మారితే మాత్రం పొలుసుల సందుల్లో నల్లటి పురుగులు, నోటి దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం, ఇవి చూడాలి. అప్పుడు పాముల్ని చూసే వెట్ కావాలి, కుక్కల డాక్టర్ కాదు. రెప్టైల్ వెట్‌ల సంఘం ఏఆర్ఏవీ సైట్‌లో ఊరి పేరు కొడితే లిస్ట్ వస్తుంది.

ఫ్రిస్కో_రమణ

ఇంకో గండం ఉంది. దీపావళికి మా అత్తగారు వస్తున్నారు, ఇంట్లో పాము ఉందని చెప్పలేదు. ఎన్నాళ్ళు బతుకుతుందని మా ఆవిడ అడిగితే నోట్లోంచి మాట రాలేదు.

తెనాలి_కుర్రోడు

దీపావళి తర్వాత వచ్చేది నాగుల చవితే కదన్నా. పుట్ట వెతుక్కునే పని లేదు, అత్తగారు మహా సంతోషిస్తారు 😂

సర్పప్రియ

పాలు మాత్రం పోయనివ్వకండి, పాము పాలు తాగదు, అరిగించుకోలేదు. కార్న్ స్నేక్ బాగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్ళు. మీ పెద్దాడి పెళ్ళికి కూడా ఉంటుంది. బాల్ పైథాన్ కొననందుకు సంతోషించండి, సెయింట్ లూయిస్ జూలో 60 ఏళ్ళు దాటిన ఒకటి 2020లో గుడ్లు పెట్టింది. ఏళ్ళ తరబడి మగపాము పక్కన లేకుండానే.

అట్లాంటా_లత

అత్తగారికి ముందే ఫోన్‌లో చెప్పండి రమణ గారూ. నేరుగా చూపిస్తే వచ్చే కేకకి మిరపకాయ్ మళ్ళీ తోక ఆడించడం మొదలెడుతుంది.

ఫ్రిస్కో_రమణ

చెప్పాను. ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మూతకి తాళం ఉందా?" అని అడిగారు. మూతకి రెండు వైపులా క్లిప్పులు పెట్టాను, ఫోటో వాట్సాప్‌లో పంపాను.

ఇంకో సందేహం. పింకీ మింగాక ఇప్పుడు పొట్ట దగ్గర ఉబ్బు కనపడట్లేదు. ఫజీకి (సన్న బొచ్చు వచ్చిన, కాస్త పెద్ద ఎలుక పిల్ల) మారొచ్చా?

ఎడిసన్_శ్రీధర్

మారొచ్చు. ఎలుక లావు పాము ఒంట్లో అన్నిటికంటే లావైన చోటికి సమానంగానో కొద్దిగా ఎక్కువగానో ఉంటే చాలు. ముందు చిన్న ఫజీతో చూడు. ఫ్రోజెన్‌ది గోరువెచ్చటి నీళ్ళలో కరిగించు, మైక్రోవేవ్‌లో పెట్టకు. తిన్నాక రెండు రోజులు గుర్తుందిగా.

ఫ్రిస్కో_రమణ

గుర్తుంది. ఫ్రీజర్‌లో ఆ ప్యాకెట్ ఎక్కడ పెట్టాలన్నది మా ఆవిడతో ఇంకా తేలలేదు.